హైదరాబాద్ వర్షాలు: మీ గల్లీలో చినుకు పడకపోయినా నాలా పొంగొచ్చు.. పై కాలనీ వాళ్లను అడిగారా?

మధ్యాహ్నం మూడింటి దాకా మాడు పగిలే ఎండ. నాలుగయ్యేసరికి మబ్బు కమ్ముకుంటుంది. గాలి దుమారం, వెనకే ఉరుములు, ఆ వెంటనే కరెంట్ కట్. ఇక అక్కడి నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపులు మోగుతూనే ఉంటాయి.

"మీ దగ్గర పడుతోందా అన్నా?" "ఇక్కడ దంచి కొడుతోంది." "మా దగ్గర చుక్క లేదు." "సెల్లార్‌లో బండ్లు ఉన్నోళ్లు తీసేయండి ప్లీజ్."

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఏ కాలనీ గ్రూప్ తెరిచినా దాదాపు ఇవే మెసేజ్‌లు. చదివి వదిలేసేవాళ్లు, మ్యూట్‌లో పెట్టేవాళ్లే ఎక్కువ. కానీ ఈ నాలుగింటిలో ఒక మెసేజ్‌కి చాలా విలువ ఉంది. 'ఇక్కడ దంచి కొడుతోంది' అన్నది. అది పంపిన మనిషి ఇల్లు నాలాకు పై వైపు ఉందా, కింది వైపు ఉందా? అసలు చూసుకోవాల్సింది అది.

ఎందుకంటే నగరంలో నాలా పక్కన, చెరువు కింద ఉండేవాళ్లను ముంచేది చాలాసార్లు వాళ్ల ఇంటి మీద పడిన వాన కాదు. నాలుగైదు కిలోమీటర్ల పైన పడిన వాన. అది నాలా పట్టుకుని కిందికొచ్చే లోపు దొరికే టైమ్ కొంచెమే. ఆ కొంచెం టైమ్‌ని వాడుకోవాలంటే యాప్‌లు, అలర్ట్‌లు ఒక్కటే సరిపోవు. పైన ఉన్నోళ్లు చెప్పాలి, కింద ఉన్నోళ్లు వినాలి.

వేసవి వానే కదా అనుకుంటే..

ఎండాకాలం వాన అంటే మనకు భయం ఉండదు. చల్లబడిందని సంబరం, మట్టి వాసన మీద ఓ రీల్, మిర్చీ బజ్జీలు. జిల్లాల్లో అయితే బాధ వేరు. కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం తడుస్తుంది, మామిడి రాలుతుంది. నగరంలో మాత్రం 'అకాల వర్షం' అనే మాటతో తేల్చేస్తాం.

2023 ఏప్రిల్ 29న సికింద్రాబాద్ కళాసిగూడలో ఉదయం పూట పాల కోసం బయటికొచ్చిన ఓ బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. అప్పటికి రుతుపవనాలు రావడానికి ఇంకా నెల పైనే ఉంది. ఆ మరుసటి ఏడాది, 2024 మే 7 రాత్రి బాచుపల్లిలో భారీ వానకు నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంట్ గోడ కూలి, పక్కనే ఉంటున్న వలస కార్మికుల కుటుంబాల్లో ఏడుగురు చనిపోయారు. అందులో నాలుగేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు. రెండూ వానాకాలంలో జరిగినవి కావు. రెండూ పూర్తిగా ఎండాకాలంలోనే.

వేసవి వానకు ఓ లక్షణం ఉంది. పగలంతా నేల కాలిపోతుంది. వేడి గాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమ అందితే, దానికి ఓ ద్రోణి తోడైతే, రెండు మూడు గంటల్లోనే క్యుములోనింబస్ మేఘం నిలువునా పెరిగిపోతుంది. ఇది వానాకాలపు ముసురులా ఊరంతా పరుచుకోదు. ఓ చోట కుమ్మరించి వెళ్లిపోతుంది. అరగంట, ముప్పావు గంట. కూకట్‌పల్లిలో కుండపోత, ఉప్పల్‌లో ఎండ. ఇది అతిశయోక్తి కాదు, నగరవాసులకు అనుభవమే.

ఇంకోటి కూడా ఉంది, దీని మీద పెద్దగా చర్చ జరగదు. నాలాల్లో పూడికతీత పనులకు టార్గెట్ ఎప్పుడూ వానాకాలమే. జూన్ నాటికి పూర్తి చేస్తామంటారు. ఏప్రిల్‌లో వచ్చే వాన జూన్ దాకా ఆగదు. అది వచ్చేసరికి నాలా నిండా ఏడాది పాటు పేరుకున్న ప్లాస్టిక్, పాత పరుపులు, కట్టిన ఇళ్ల శిథిలాలు అలాగే ఉంటాయి. అందుకే ఒక్కోసారి జులైలో పడిన వాన కంటే తక్కువ వానకే ఏప్రిల్‌లో రోడ్డు చెరువైపోతుంది.

ట్యాంకర్ లెక్కలో చెప్పుకుంటే

వార్తల్లో 'ఐదు సెంటీమీటర్ల వర్షపాతం నమోదు' అని వస్తుంది. వేలెడంత కూడా లేదు కదా అనిపిస్తుంది. ఎండాకాలం కాబట్టి ట్యాంకర్లలో లెక్కేద్దాం. ఒక ఎకరం నేల మీద ఒక సెంటీమీటర్ వాన పడిందంటే దాదాపు 40 వేల లీటర్ల నీళ్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఓ 50 ఎకరాల కాలనీ మీద ఐదు సెంటీమీటర్లు పడితే? రెండు వేల ట్యాంకర్లు. నిన్నటి దాకా ఒక్క ట్యాంకర్ కోసం ఎదురుచూసిన కాలనీలోనే ఇప్పుడు గంటలోపు రెండు వేల ట్యాంకర్ల నీళ్లు. ఖాళీ స్థలాలుంటే కొంత ఇంకేది. ఇప్పుడు ఇంటి ముందు అడుగు మట్టి కూడా లేకుండా సిమెంట్ చేసేశాం. దాదాపు మొత్తం పల్లానికే పోతుంది.

హైదరాబాద్‌లో వరద నీటి కాలువలు గంటకు రెండు సెంటీమీటర్ల వానకు మించి తట్టుకోలేవన్నది అధికారులు చాలాసార్లు చెప్పిన మాటే. ఇక్కడే ఓ తిరకాసు ఉంది. వాతావరణ శాఖ 'భారీ వర్షం' అని పిలవాలంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడాలి. 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. అంటే గంటలో ఐదు సెంటీమీటర్లు పడి ఆగిపోతే, ఆ రోజు లెక్కలో అది 'భారీ వర్షం' కిందకే రాదు. కానీ మన కాలువల సామర్థ్యానికి అది రెండున్నర రెట్లు. రికార్డుల్లో మోస్తరు వాన, మీ సెల్లార్‌లో మాత్రం నడుము లోతు నీళ్లు.

వాతావరణ శాఖను తప్పుపట్టాల్సిన పని లేదు. ఆ కొలతలు పెట్టింది దేశమంతటికీ, రోజంతటికీ. వాటిని ఓ గల్లీకి, ఓ గంటకి అన్వయించుకుని ధీమాగా ఉండటమే పొరపాటు.

ఒకే రాత్రి.. రెండు లెక్కలు

2020 అక్టోబర్ 13 రాత్రి నగరం ఎవరూ మర్చిపోలేరు. బేగంపేటలోని వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైంది. అదే రాత్రి నగరం తూర్పు అంచున ఘట్‌కేసర్ మండలంలోని సింగపూర్ టౌన్‌షిప్ దగ్గర 32 సెంటీమీటర్లు. ఒకే నగరం, ఒకే రాత్రి, 13 సెంటీమీటర్ల తేడా. 'హైదరాబాద్‌లో ఇంత వాన పడింది' అని ఒక్క నంబర్ చెబితే, ఆ నంబర్ ఎవరిదో అడగాలి.

ఆ తేడా తెలిసేలా కొంత వ్యవస్థ ఇప్పటికే ఉంది. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రవ్యాప్తంగా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఎక్కడ ఎంత పడిందో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. 'వెదర్‌మ్యాన్' పేర్లతో ఎక్స్‌లో ఖాతాలు నడిపే కుర్రాళ్లు ఈ డేటాను, రాడార్ బొమ్మలను కలిపి చూసి 'ఇంకో అరగంటలో ఫలానా ఏరియా' అని చెబుతుంటారు. నగరంలో చాలామంది ఆఫీస్ నుంచి బయల్దేరే ముందు చూసేది అదే. కొన్నిసార్లు తప్పుతారు. అయినా వాళ్లను జనం నమ్మడానికి కారణం, వాళ్లు జిల్లా పేరుతో కాకుండా ఏరియా పేరుతో మాట్లాడతారు.

వాతావరణ శాఖ దగ్గర కూడా ఆకస్మిక వరదల కోసమే 2020 నుంచి ఫ్లాష్ ఫ్లడ్ గైడెన్స్ సిస్టమ్ పనిచేస్తోంది. భారత్‌తో పాటు నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్, శ్రీలంకకు కూడా అదే. ఆరు గంటల ముందు ముప్పును, 24 గంటల ముందు రిస్క్‌ను నాలుగు కిలోమీటర్ల గడి లెక్కన చెప్పగలదు. మంచిదే. కానీ ఆ నాలుగు కిలోమీటర్ల గడిలో ఏ కల్వర్ట్ కింద పరుపు అడ్డం పడిందో ఏ ఉపగ్రహానికీ కనపడదు. పక్కింటి మేడ మీద నుంచి చూసేవాళ్లకు కనపడుతుంది.

నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి?

హైదరాబాద్ గొలుసుకట్టు చెరువుల మీద పెరిగిన ఊరు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందికి, చివరికి మూసీకి. మధ్యలో కాలనీలు లేచాయి గానీ నీళ్ల దారి మారలేదు. కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లోకి వస్తుంది. సాగర్ నిండితే సర్‌ప్లస్ నాలా దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలో కలుస్తుంది. కాబట్టి నల్లకుంటలో నాలా పక్కన ఉండేవాళ్లకు అసలు వార్త నల్లకుంట ఆకాశం కాదు. కూకట్‌పల్లి, బాలానగర్ వైపు ఏం పడుతోందన్నది, సాగర్ గేట్ల దగ్గర ఏం చేస్తున్నారన్నది.

2020లో ఇది మూడు నాలుగు చోట్ల కళ్లముందు కనిపించింది. అక్టోబర్ 13 రాత్రి పల్లె చెరువు కట్ట తెగి అలీనగర్ వైపు నీళ్లు దూసుకొచ్చాయి. అక్టోబర్ 17న మళ్లీ వాన పడి గుర్రం చెరువు కట్ట తెగడంతో హఫీజ్ బాబానగర్ మునిగింది. కొంపల్లి వైపు ఫాక్స్ సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీలోకి వచ్చిన నీళ్లు వాన ఆగాక కూడా కదల్లేదు.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ 2025 సెప్టెంబర్ 26 రాత్రి. మూసీ పుట్టేది వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో. ఆ పై వైపు కురిసిన వానకు జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. రాత్రికి మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేసింది. దసరాకు ఊరెళ్దామని సామాన్లతో వచ్చిన ప్రయాణికులు ప్లాట్‌ఫామ్‌ల మీద చిక్కుకుపోయారు. సిబ్బంది వచ్చి వాళ్లను బయటికి తేవాల్సి వచ్చింది. వాళ్లను చుట్టుముట్టిన నీళ్లలో పెద్ద భాగం నగరం మీద పడినవి కావు. పదుల కిలోమీటర్ల పైన పడినవి.

ఆ రెండు జలాశయాలు అసలు కట్టిందే 1908 మూసీ వరదల తర్వాత, నగరాన్ని కాపాడటానికి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. మూసీ ఒడ్డున మూసానగర్‌లోనో చాదర్‌ఘాట్‌లోనో ఉండేవాళ్లకు ఈ రెండు నంబర్లు నోటికి వచ్చి ఉండాలి. నీటిమట్టం దగ్గర పడుతోందంటే గేట్లు ఎత్తే టైమ్ వస్తోందని అర్థం. గేట్లు ఎత్తే ముందు హెచ్చరికలు ఇస్తారు. ఆ హెచ్చరిక చివరి ఇంటి దాకా ఎంతసేపట్లో చేరుతుందన్నదే సమస్య.

నీరటి పోయాడు.. వాట్సాప్ వచ్చింది

తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు ఈ పనికి ఓ మనిషే ఉండేవాడు. నీరటి. చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి, కట్ట ఎక్కడ బలహీనంగా ఉంది, మత్తడి ఎప్పుడు దూకుతుంది.. ఇవన్నీ చూసుకోవడం అతని బాధ్యత. పెద్ద వాన పడితే రాత్రంతా కట్ట మీదే. ఊళ్లో డప్పు మోగిందంటే జనం లేచి కూర్చునేవాళ్లు. ఆ వ్యవస్థ చాలా ఊళ్లలో మాయమైంది. నగరంలో కలిసిపోయిన చెరువులకైతే చెప్పనక్కర్లేదు.

2023 జులైలో ఏం జరిగిందో గుర్తుందా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. తెలంగాణ చరిత్రలోనే అరుదైన లెక్క. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో తెల్లారేసరికి మోరంచవాగు ఊరిని ముంచెత్తింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి వాళ్లను కాపాడాయి. అందరినీ కాపాడలేకపోయాయి. వాగు పై వైపు ఊళ్లకూ, కింది ఊళ్లకూ మధ్య అర్ధరాత్రి ఒక్క ఫోన్ కాల్ గంట ముందు నడిచినా దాని విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

ఓ డబ్బా, ఓ స్కేల్.. కొలరాడోలో మొదలైంది ఇలాగే

'మనమేం చేయగలం, ఇది ప్రభుత్వం పని' అనేవాళ్ల కోసం ఓ ఉదాహరణ. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరు. 1997 జులై 28న, అంటే వాళ్లకు నడి వేసవిలో, ఊళ్లో ఓ వైపు కొన్ని గంటల్లోనే అడుగుకు పైగా వాన కుమ్మరించింది. మిగతా వైపు మామూలు వానే. ఆకస్మిక వరదలో ఐదుగురు చనిపోయారు. ఓ పక్క అంత వాన పడుతోందన్న సంగతి రెండో పక్క వాళ్లకు తెలియనే లేదు. మరుసటి ఏడాది, 1998లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఓ పని మొదలుపెట్టారు. టీచర్లు, రిటైరైన వాళ్లు, పిల్లలు.. ఎవరైనా సరే, ఇంటి వెనక నాలుగంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ వానమాపకం పెట్టుకుని రోజూ పొద్దున కొలిచి పంపాలి. కుండపోత అయితే పొద్దుటి దాకా ఆగకుండా వెంటనే పంపాలి. ఆ రిపోర్ట్ నేరుగా వాతావరణ శాఖ కంట్లో పడుతుంది. ఒక జిల్లాలో మొదలైన ఆ కోకోరాస్ నెట్‌వర్క్ ఇప్పుడు అమెరికా అన్ని రాష్ట్రాల్లో ఉంది. వేల మంది వలంటీర్లు.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. ఆ ప్రాంతంలో 130 మందికి పైగా చనిపోయారు. ఫోన్లకు హెచ్చరికలు వెళ్లాయి. కానీ అర్ధరాత్రి, నిద్రలో, సిగ్నల్ లేని చోట అవి ఎంతమంది చూశారు? అదే నది కింది వైపున్న కంఫర్ట్ అనే చిన్న ఊళ్లో మాత్రం ఒక్కరూ చనిపోలేదు. అక్కడి వలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ ముందే పెట్టుకున్న సైరన్ మోగించింది, జనం లేచి వెళ్లిపోయారు. పైన ఏం జరుగుతోందో కింద ఉన్నవాళ్లకు అందింది, అందరినీ లేపే చప్పుడు కూడా ఉంది.

మన కాలనీల్లో దీనికి పెద్ద ఖర్చేం లేదు. నిలువు గోడలున్న సీసా గానీ డబ్బా గానీ, ఓ స్కేల్. చెట్టు కింద, గోడ పక్కన కాకుండా మేడ మీద బయలుగా పెట్టాలి. డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు నిలిస్తే అంత వాన పడినట్టు. అయితే నంబర్ ఒక్కటే పంపితే లాభం తక్కువ. టైమ్ కూడా కావాలి. 'సాయంత్రం 5.10 నుంచి 5.40 లోపు 30 మిల్లీమీటర్లు' అంటే అది సమాచారం. 'ఓ మై గాడ్ రెయిన్' అంటే అది స్టేటస్.

అంతకంటే ముఖ్యమైనది, గ్రూప్ కలుపుకోవాల్సింది పక్క వీధితో కాదు. ఒకే నాలా మీద పైనా కిందా ఉన్న కాలనీలతో. ఇప్పుడున్న వెల్ఫేర్ అసోసియేషన్ గ్రూపులన్నీ గేటు దగ్గరే ఆగిపోతాయి. నీళ్లు గేటు చూసి ఆగవు. పై కాలనీలో వాన ఎప్పుడు మొదలైంది, కింద నాలాలో నీళ్లు ఎప్పుడు పెరిగాయి అని మూడు నాలుగు వానలకు రాసి పెట్టుకుంటే, ఆ నాలాకు ఎంత టైమ్ పడుతుందో వాళ్లకే తెలుస్తుంది. ఒకచోట అరగంట కావచ్చు, ఇంకోచోట గంటన్నర కావచ్చు. ఈ లెక్క ఏ యాప్‌లోనూ దొరకదు.

ఫోన్‌లో ఏం చూడాలి, ఏం నమ్మొద్దు

వాతావరణ శాఖ మౌసమ్ సైట్‌లో హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ ఉంటుంది. ఒక్క బొమ్మ చూసి భయపడొద్దు. వరసగా రెండు మూడు చూస్తే ఎర్రటి మచ్చ ఎటు కదులుతోందో అర్థమవుతుంది. రాడార్ చూసేది మేఘంలోని చినుకుల్ని, నేల మీద పడిన నీళ్లను కాదు. వడగళ్లు ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆరెంజ్, రెడ్ అలర్ట్‌లతో పాటు మూడు గంటలకు ఇచ్చే 'నౌకాస్ట్' చూడటం అలవాటు చేసుకుంటే వేసవి వానలకు అదే ఎక్కువ పనికొస్తుంది. పిడుగులకు దామిని యాప్ ఉంది. ఎండాకాలం వానలో పిడుగుల్ని కూడా తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఇక ఫార్వర్డ్‌లు. వాన మొదలైన పది నిమిషాలకే కార్లు కొట్టుకుపోతున్న వీడియో వచ్చిందంటే ముందు అనుమానించాలి. ఏళ్ల నాటివి, వేరే రాష్ట్రాలవి 'ఇప్పుడే మన దగ్గర' అని తిరుగుతుంటాయి. న్యూస్ డెస్క్‌లకు రోజూ ఉండే తలనొప్పే ఇది. పాత వీడియోతో నష్టం భయం ఒక్కటే కాదు. రెండుసార్లు ఉత్తిదే అని తేలితే, మూడోసారి పై కాలనీ వాళ్లు నిజంగా పెట్టిన మెసేజ్ ఎవరూ తెరవరు. గ్రూప్‌లో తీసిన చోటు, టైమ్ చెప్పని వీడియోను తీసేయడం అడ్మిన్ పని. మొహమాటపడితే కుదరదు.

గ్రూప్‌లో లేనివాళ్ల సంగతి?

నాలాకు ఆనుకుని ఉండేది ఎవరు? రేకుల ఇళ్లవాళ్లు, అద్దె తక్కువని వచ్చినవాళ్లు, సైట్ పక్కన గుడిసె వేసుకున్న వలస కార్మికులు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో వాళ్ల నంబర్లు ఉండవు. బాచుపల్లిలో చనిపోయినవాళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. తెలుగులో పెట్టిన మెసేజ్ వాళ్లకు చేరినా ఎంతవరకు అర్థమవుతుంది? 2025 సెప్టెంబర్ 14 రాత్రి వానకు అఫ్జల్‌సాగర్ నాలా దగ్గర మాంగర్ బస్తీలో ఇద్దరు కొట్టుకుపోయారు. అది నాలా అంచునే బతికే బస్తీ.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం చాలాచోట్ల సెల్లార్‌లోనే ఓ గదిలో ఉంటుంది. పైన ఉన్నవాళ్లు కార్ల గురించి మెసేజ్‌లు పెట్టుకుంటుంటే, నీళ్లు ముందు చేరేది ఆ గదికి. సెల్లార్ ఎంత ప్రమాదమో 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ చూపించింది. కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి ఒక్కసారిగా వచ్చిన నీళ్లలో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ నీళ్లు మెల్లగా పెరగలేదు. రోడ్డు మీది నీళ్లు లోపలికి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. కాబట్టి నీళ్లు రావడం మొదలయ్యాక కారు తీయడానికి సెల్లార్‌లోకి దిగడం అన్నిటికంటే పెద్ద తప్పు. బండి పోతే ఇన్సూరెన్స్ ఉంది.

మరో సంగతి. పై అపార్ట్‌మెంట్లు సెల్లార్ నీళ్లను మోటార్ పెట్టి రోడ్డు మీదికి తోడేస్తాయి. ఆ రోడ్డు పల్లానికే పోతుంది. వాన మధ్యలో తోడిన నీళ్లు కింది బస్తీకి అదనపు వరద. వాన తగ్గి నాలా దిగే దాకా ఓ గంట ఆగితే కొంపలేం మునగవు, కింద వాళ్ల కొంపలు కూడా.

ఓ విషయంలో మాత్రం నగరానికి ఇప్పటికే దారి ఉంది. పై అపార్ట్‌మెంట్లలో ఇళ్ల పనికి వెళ్లే ఆడవాళ్లు చాలామంది ఉండేది కింది బస్తీల్లోనే. సాయంత్రం వాన మొదలైనప్పుడు వాళ్లలో కొందరు పైనే ఉంటారు. ఇంటికి ఫోన్ చేసి 'పిల్లల్ని నాలా వైపు పంపకు, ఇక్కడ గట్టిగా పడుతుంది' అని చెప్పేది వాళ్లే. ఏ కంట్రోల్ రూమ్ లెక్కలోనూ లేని హెచ్చరిక అది. పని చేయించుకునే ఇంటివాళ్లు ఆ ఐదు నిమిషాలు ఇచ్చి, వాన తగ్గే దాకా కూర్చోమంటే చాలు.

ఇప్పుడు, ఈ సాయంత్రం

కాలనీల వాళ్లు ఎంత చేసినా కొన్ని పనులు వాళ్ల చేతుల్లో ఉండవు. నాలా మీద మూత, కల్వర్ట్ దగ్గర పూడిక, చెరువు మత్తడి దారిలో కట్టడాలు, గేట్లు ఎత్తే సమాచారం.. ఇవి ప్రభుత్వానివే. 2020 వరదల తర్వాత నాలాల అభివృద్ధికి ప్రత్యేక ప్రోగ్రామ్ వచ్చింది, 2024లో హైడ్రా వచ్చింది. పనులు కొన్ని అయ్యాయి, కొన్ని సాగుతున్నాయి. చెరువులు, నాలాల్లో నీటిమట్టం ఎప్పటికప్పుడు జనం ఫోన్‌లో చూసుకునేలా ఒక్కచోట పెడితే సగం గందరగోళం తగ్గుతుంది. వాన లెక్క బయట పెట్టగలిగినప్పుడు నీటి లెక్క పెట్టడం కష్టమేం కాదు.

మబ్బు పట్టిన సాయంత్రం మాత్రం ఇవి గుర్తుంచుకోండి. పారే నీళ్లు ఆరు అంగుళాలున్నా పెద్దవాళ్లను పడేయగలవు. అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది. రెండు అడుగులైతే చాలా బండ్లు నిలవవు. నీళ్లు నిలిచిన రోడ్డులో మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనపడదు, ముందు వెళ్లిన బండి దాటింది కదా అని వెనకాలే వెళ్లొద్దు. తడిసిన కరెంట్ స్తంభాన్ని పట్టుకోవద్దు, తెగిన తీగ కనపడితే 1912కు ఫోన్ చేయండి. మనుషులు చిక్కుకుంటే 112. మీ దగ్గర వాన ఆగినా పై కాలనీ నుంచి 'ఇక్కడ కూడా తగ్గింది' అన్న మెసేజ్ వచ్చే దాకా పిల్లల్ని నాలా వైపు పంపొద్దు.